కనెక్షన్ అబ్బా పేరు మీద.. వైఫై తాళం ఎవరి చేతిలో?

ఇంటికి కొత్త ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకునేటప్పుడు ఆపరేటర్ మనిషి ఆధార్ జిరాక్స్, ఒక ఫోటో, ఒక సంతకం అడుగుతాడు. చాలా ఇళ్లలో ఆ సంతకం అబ్బాది. అబ్బా దుబాయ్‌లోనో జెద్దాలోనో ఉంటే అమ్మీది. బాక్స్ గోడకు బిగించి, వైఫై పాస్‌వర్డ్ కాగితం ముక్క మీద రాసిచ్చి ఆయన వెళ్లిపోతాడు. ఆ రోజు నుంచి ఆ బాక్స్ ద్వారా బయటికి పోయే ప్రతి మెయిల్, ప్రతి వీడియో, ప్రతి డౌన్‌లోడ్ లెక్క ప్రకారం ఆ సంతకం పెట్టిన మనిషి ఇంటి నుంచి పోయినట్టే.

ఎందుకంటే ఇంటర్నెట్‌లో మన ఇంటికి కూడా ఒక డోర్ నంబర్ ఉంటుంది. దాన్నే ఐపీ అడ్రస్ అంటారు. ఏ టైంలో ఏ ఐపీ అడ్రస్ ఏ కస్టమర్ దగ్గర ఉందో ఆపరేటర్ రికార్డు పెట్టుకుంటాడు. పోలీసులు అడిగితే ఇవ్వాలి. ఆ రికార్డులో ఉండేది కస్టమర్ పేరు, చిరునామా. ఆ టైంలో వైఫై వాడింది ఇంటి మనిషా, పక్కింటి కుర్రాడా, రోడ్డు మీద బండి ఆపుకుని కూర్చున్న అపరిచితుడా అన్నది అందులో ఉండదు.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు జరిగాయి. దానికి కొద్ది నిమిషాల ముందు టీవీ చానళ్లకు ఒక ఈమెయిల్ వెళ్లింది. ఐపీ అడ్రస్ పట్టుకుని పోలీసులు వెళితే, అది నవీ ముంబైలో ఒక అమెరికన్ అద్దెకుంటున్న ఫ్లాట్. ఆయన కంప్యూటర్లు తీసుకెళ్లారు, ఆయన్ని ప్రశ్నించారు, పేరు అన్ని పేపర్లలో వచ్చింది. ఆయన వైఫైకి గట్టి తాళం లేదని, దాన్ని బయటివాళ్లు వాడుకున్నారని, ఆయనకు ఏ సంబంధమూ లేదని తర్వాత తేలింది. ఆ తర్వాతే, 2009లో, టెలికాం శాఖ వైఫైకి భద్రత పెట్టించాలంటూ ఇంటర్నెట్ కంపెనీలకు ఆదేశాలిచ్చింది.

అంత పెద్ద కేసు దాకా పోనక్కర్లేదు. ఓటీపీ మోసం చేసినవాడు మీ వైఫై వాడుకున్నా, ఒక అమ్మాయి ఫోటోను మార్ఫింగ్ చేసి పెట్టినవాడు మీ కనెక్షన్ మీద నుంచి పెట్టినా, ముందు తలుపు తట్టేది మీ ఇంటిదే. నిజం నిలబడేలోపు లాయర్ ఖర్చు, స్టేషన్ చుట్టూ తిరుగుడు, మొహల్లాలో మాటలు. ఒక అరగంట పనితో ఈ ప్రమాదంలో చాలా భాగం తగ్గించుకోవచ్చు. ఆ అరగంట ఎలా పెట్టాలో చూద్దాం.

రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి, మనకు తెలిసింది ఒకటే

గోడకు ఉన్న ఆ బాక్స్‌ను రౌటర్ అంటారు. దానికి రెండు వేర్వేరు పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఒకటి వైఫై పాస్‌వర్డ్, అందరికీ తెలిసిందే, చుట్టాలు ఇంటికి రాగానే సలాం తర్వాత అడిగేది. రెండోది అడ్మిన్ పాస్‌వర్డ్. రౌటర్ లోపలికి వెళ్లి సెట్టింగ్స్ మార్చడానికి పనికొచ్చేది. మొదటిది గేటు తాళం అయితే, రెండోది తాళాలే మార్చేసే అధికారం.

చాలా రౌటర్లలో ఈ రెండోది కంపెనీ పెట్టినది పెట్టినట్టే ఉంటుంది. యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్. ఏ కంపెనీ రౌటర్‌కు ఏది ఉంటుందో నెట్‌లో వెతికితే నిమిషంలో దొరుకుతుంది. 2016లో మిరాయ్ అనే వైరస్ చేసింది సరిగ్గా ఇదే. ఇలాంటి అరవై దాకా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల జాబితా పట్టుకుని ప్రపంచమంతా తిరిగింది. సీసీటీవీ కెమెరాలు, రౌటర్లు లక్షల్లో దాని చేతిలో పడ్డాయి. ఆ ఏడాది అక్టోబర్ 21న వాటన్నిటినీ ఒకేసారి డిన్ అనే కంపెనీ మీదికి వదిలితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద సైట్లు కూడా గంటల పాటు చాలామందికి తెరుచుకోలేదు. ఆ కెమెరాల యజమానుల్లో ఎంతమందికి తమ ఇంటి కెమెరా ఆ దాడిలో ఉందని తెలిసి ఉంటుంది? దొంగల భయంతో గుమ్మం పైన కెమెరా పెట్టించుకున్న ఇళ్లు ఇప్పుడు మన బస్తీల్లో కూడా ఎక్కువే. కెమెరా పాస్‌వర్డ్ బిగించినవాడు పెట్టిందే ఉంటే, అది కూడా ఇవాళే మార్చండి.

రౌటర్ మార్చే పద్ధతి కష్టమేమీ కాదు. రౌటర్‌ను తిప్పి చూస్తే కింద ఒక స్టిక్కర్ ఉంటుంది. దాని మీద 192.168.1.1 లేదా 192.168.0.1 లాంటి నంబర్ ఉంటుంది. అదే వైఫైలో ఉన్న కంప్యూటర్ బ్రౌజర్‌లో పైన ఆ నంబర్ కొడితే లాగిన్ పేజీ వస్తుంది. స్టిక్కర్ మీదున్న అడ్మిన్ వివరాలు పని చేయకపోతే ఆపరేటర్ మార్చి ఉంటాడు, ఆయన్నే అడగండి. కస్టమర్‌గా అడగడంలో తప్పేం లేదు. కొందరు ఇవ్వం అంటారు. అప్పుడు కనీసం, "కంపెనీ పాస్‌వర్డ్ మీరు మార్చారా భాయ్, లేదా?" అని అడిగి నోటితో చెప్పించుకోండి.

లోపలికి వెళ్లాక ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత వైర్‌లెస్ సెక్యూరిటీ అనే చోట డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఉందా చూడండి. ఓపెన్ అనో, డబ్ల్యూఈపీ అనో ఉంటే ఆ తాళం ఉన్నా లేనట్టే. డబ్ల్యూపీఎస్ అనే బటన్ సౌకర్యం ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. దాంట్లో ఉండే ఎనిమిది అంకెల పిన్‌ను కొన్ని రౌటర్లలో గంటల్లో కనిపెట్టేయొచ్చని 2011లోనే బయటపడింది. మిగతా సెట్టింగ్స్ అర్థం కాకపోతే వాటి జోలికి పోకండి, నెట్ ఆగిపోతే మళ్లీ లైన్‌మన్ కోసం రెండు రోజులు ఎదురుచూడాలి.

ఇక వైఫై పాస్‌వర్డ్. మన ఇళ్లలో ఇది ఎక్కువగా అబ్బా మొబైల్ నంబర్, లేదా పెద్దబ్బాయి పేరు పక్కన 786, లేదా 123. గల్లీలో ఎవరైనా పది సార్లు ప్రయత్నిస్తే దొరికిపోతుంది. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు మాటలు తీసుకోండి. బెండకాయ, సైకిల్, శుక్రవారం, గొడుగు లాంటివి. ఇంగ్లీష్ అక్షరాల్లో కలిపి రాస్తే ఇంట్లో పిల్లలకు కూడా గుర్తుంటుంది, బయటివాడికి ఊహకందదు. పేపర్లో చూసి ఈ నాలుగే పెట్టేయకండి సుమా.

మరి పొరుగింటివాళ్లు అడిగితే? ఇది మన దగ్గర నిజమైన ఇబ్బంది. పక్కింటి పిల్లకు ఆన్‌లైన్ పరీక్ష ఉంది, వాళ్ల నెట్ పోయింది, కాదంటే మనసొప్పదు. పొరుగువాళ్ల హక్కు చిన్నదేమీ కాదు. దానికి చాలా రౌటర్లలో గెస్ట్ నెట్‌వర్క్ అని ఉంటుంది. అది వేరే పేరు, వేరే పాస్‌వర్డ్. అందులో ఉన్నవాళ్లు మీ కంప్యూటర్, మీ కెమెరా వైపు రాలేరు, పని అయ్యాక ఆపేయొచ్చు. కానీ ఒకటి గుర్తుంచుకోవాలి. గెస్ట్ నెట్‌వర్క్ వాడినా బయటికి కనపడే ఐపీ అడ్రస్ మీదే. కాబట్టి మనిషి తెలిసినవాడై ఉండాలి, పని తెలిసిందై ఉండాలి. షాపు కింద, ఇల్లు పైన ఉన్నవాళ్లు గిరాకీలకు ఇంటి వైఫై ఇవ్వడం మాత్రం మానేయాలని నా అభిప్రాయం.

ఉచిత వీపీఎన్ అసలు ధర

గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇంట్లో వీపీఎన్ అనే మాట తెలియని వాళ్లుండరు. యూఏఈలో వాట్సాప్ కాల్ కలవదు, అందుకని అటువైపో ఇటువైపో ఎవరో ఒకరు ఉచిత వీపీఎన్ వేసుకుంటారు. ఇంట్లో కంప్యూటర్‌లో కూడా అది పడుతుంది.

2024 మేలో అమెరికా న్యాయశాఖ 911 ఎస్5 అనే నెట్‌వర్క్‌ను మూయించింది. అది మాస్క్ వీపీఎన్, డ్యూ వీపీఎన్ లాంటి ఉచిత వీపీఎన్‌లతోనూ, క్రాక్ సాఫ్ట్‌వేర్‌లతోనూ జనం కంప్యూటర్లలోకి దూరేది. తర్వాత ఆ ఇళ్ల ఐపీ అడ్రస్‌లను నేరగాళ్లకు అద్దెకిచ్చేది. దాదాపు 200 దేశాల్లో 1.9 కోట్లకు పైగా ఐపీ అడ్రస్‌లు దాని చేతిలో ఉన్నాయని అక్కడి ప్రభుత్వం చెప్పింది. అంటే వైఫైకి ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టినా, మన చేతులతోనే తలుపు తీసి లోపల అద్దెకు దింపుకున్నట్టు. కామర్స్ చదివినవాడిగా ఒక మాట చెప్తాను. సర్వర్లకు, కరెంటుకు, జీతాలకు డబ్బు పెట్టే కంపెనీ మీ దగ్గర ఒక్క రూపాయి తీసుకోకుండా నడుస్తోందంటే, దాని బ్యాలెన్స్ షీట్‌లో ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందో ఒక్కసారి ఆలోచించాలి.

దుబాయ్‌లో ఉన్నవాళ్లకు ఇంకో మాట. నేరం చేయడానికో, నేరం కనపడకుండా చేయడానికో వీపీఎన్ వాడితే అక్కడి చట్టంలో జరిమానా 5 లక్షల దిర్హమ్‌ల నుంచి మొదలవుతుంది. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లు ఉన్నాయి, వాటితో మాట్లాడుకోవడం మంచిది.

క్రాక్ సాఫ్ట్‌వేర్, ఇన్‌పేజ్

ఉర్దూ పని చేసే ప్రతి ఇంట్లో ఇన్‌పేజ్ ఉంటుంది. షాదీ కార్డులు, మదర్సా రసీదులు, జల్సా పోస్టర్లు, అన్నీ దాంట్లోనే. అది డబ్బిచ్చి కొన్నది ఎన్ని ఇళ్లలో ఉంటుందో మీకే తెలుసు. పెన్‌డ్రైవ్‌లో ఒకరి నుంచి ఒకరికి, విజయవాడ నుంచి కర్నూలుకి, కర్నూలు నుంచి పాతబస్తీకి తిరుగుతూ ఉంటుంది.

2016 నవంబర్‌లో కాస్పర్‌స్కీ అనే భద్రతా సంస్థ ఒక సంగతి బయటపెట్టింది. ఇన్‌పేజ్‌లో ఒక లోపం ఉందని, దాన్ని వాడుకుని తయారు చేసిన ఇన్‌పేజ్ ఫైళ్లను ఆసియా, ఆఫ్రికాల్లోని బ్యాంకులకు పంపి దాడులు చేస్తున్నారని చెప్పింది. ఫైల్ చూస్తే మామూలు ఉర్దూ డాక్యుమెంట్. తెరిస్తే కంప్యూటర్ చేయి జారిపోతుంది. ఇంత చిన్న సమాజం వాడే సాఫ్ట్‌వేర్‌ను ఎవరు పట్టించుకుంటారు అనుకుంటాం, పట్టించుకునేవాళ్లు ఉన్నారు. పాత క్రాక్ వెర్షన్‌కు ఎప్పటికీ అప్‌డేట్ రాదు, ఆ లోపం అందులో అలాగే ఉంటుంది. ఎవరో తెలియనివాళ్లు వాట్సాప్‌లో పంపిన ఇన్‌పేజ్ ఫైల్‌ను అందులో తెరవడమంటే రిస్కే.

మామూలు ఉత్తరాలకు, అప్లికేషన్లకు ఇప్పుడు ఇన్‌పేజ్ అవసరమే లేదు. విండోస్‌లోనే ఉర్దూ కీబోర్డు ఉంది, భాషల సెట్టింగ్స్‌లో కలుపుకోవచ్చు. నస్తాలీఖ్ కావాలంటే గూగుల్ వారి నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. యూనికోడ్‌లో టైప్ చేసింది ఫోన్‌లోనూ కనిపిస్తుంది, వాట్సాప్‌లోనూ పోతుంది. కార్డుల వ్యాపారం చేసేవాళ్లు మాత్రం అసలు కాపీ కొనుక్కోవడమే మేలు, అది వ్యాపార ఖర్చు కిందే వస్తుంది.

పిల్లల క్రాక్ గేములది ఇదే కథ. స్టాప్ డిజేవు అనే ర్యాన్సమ్‌వేర్ ఎక్కువగా ఇళ్లలోని కంప్యూటర్లకే వస్తుంది, అదీ క్రాక్ సాఫ్ట్‌వేర్ దారిలో. ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడుగుతుంది. దీనికి ఒక సులువైన అడ్డు ఉంది. విండోస్‌లో పిల్లలకు వేరే అకౌంట్ తయారు చేసి దాన్ని స్టాండర్డ్ యూజర్‌గా పెట్టండి, అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ పెద్దవాళ్ల దగ్గర ఉంచండి. అప్పుడు కంప్యూటర్ మొత్తాన్ని మార్చే సాఫ్ట్‌వేర్ ఏది వేయాలన్నా పెద్దవాళ్ల పాస్‌వర్డ్ అడుగుతుంది. "అబ్బా, ఒక్కసారి పాస్‌వర్డ్ కొట్టండి" అని బేటా వచ్చి నిలబడ్డప్పుడు, ఏం వేస్తున్నావు అని అడిగే అవకాశమైనా ఉంటుంది. పిల్లల కోసం ఇంకోటి. రౌటర్‌లో డీఎన్ఎస్ అనే చోట 1.1.1.3, దాని కింద 1.0.0.3 పెడితే అశ్లీల సైట్లు, వైరస్ సైట్లు చాలావరకు ఇల్లంతటికీ ఆగిపోతాయి. ఇది క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020 నుంచి ఉచితంగా ఇస్తున్న సేవ. తెలివైన పిల్లలు దాటిపోయే దారులున్నాయి, అయినా చిన్నపిల్లల ముందు అనుకోకుండా వచ్చిపడేవి తగ్గుతాయి.

పాత విండోస్‌తో ఎన్నాళ్లు?

2017 మే 12న వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతా వ్యాపించింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మందు ఇచ్చింది మార్చి 14న, అంటే రెండు నెలల ముందే. అప్‌డేట్ వేసుకున్న కంప్యూటర్లు బతికిపోయాయి. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా తర్వాత చూద్దాం అని నొక్కే చేతులు ఈ తేదీలను గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నది విండోస్ 10. దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు తీసుకునే వీలు మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం, కానీ అడిగి నమోదు చేసుకోవాలి. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలోనే ఆ లింక్ కనిపిస్తుంది. విండోస్ 11 వేసుకోవాలంటే కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే చిప్ ఉండాలి, చాలా పాత మెషిన్లలో అది ఉండదు. అలాంటివాటిలో లైనక్స్ మింట్ వేసుకోవచ్చు, అది పూర్తిగా ఉచితం, హలాలుగా ఉచితం. పిల్లల చదువుకు, వీడియోలకు, మెయిల్‌కు సరిపోతుంది. టాలీ మీద లెక్కలు రాసే ఇంట్లో మాత్రం విండోస్ తప్పదు.

యాంటీవైరస్ కొనాలా అని చాలామంది అడుగుతారు. అప్‌డేట్లు వస్తున్న విండోస్‌లో డిఫెండర్ ముందే ఉంది, మామూలు ఇంటికి అది చాలు. మెషిన్ మీద అనుమానం ఉంటే కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లో వైరస్ శుభ్రం చేసే టూల్స్ ఉచితంగా ఉన్నాయి.

స్లో అయిన కంప్యూటర్ సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయిస్తే వచ్చే తేడా ఇంక దేనితోనూ రాదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కానీ, మీ ఊళ్లో తెలిసిన రిపేర్ షాపులో కానీ గంటలో పని. షాపులో ఇచ్చే ముందు పాస్‌పోర్టు స్కాన్లు, ఉమ్రా వీసా కాపీలు, ఇంటి ఆడవాళ్ల ఫోటోలు వేరే డిస్క్‌లోకి తీసుకుని, మెషిన్‌లో నుంచి తీసేసి ఇవ్వండి. ఆ డిస్క్‌నే బ్యాకప్‌గా ఉంచుకోండి, ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉంచవద్దు. తగిలించి ఉన్న డిస్క్‌కు కూడా ర్యాన్సమ్‌వేర్ తాళం వేసేస్తుంది.

నెట్ స్లో అంటే ప్రతిసారీ ఆపరేటర్ తప్పు కాదు. రౌటర్‌ను అల్మారా లోపలో, టీవీ వెనకో, ఫ్రిజ్ పక్కనో పెడితే సిగ్నల్ అక్కడే చచ్చిపోతుంది. ఇంటి మధ్యలో, మనిషి తల ఎత్తుకు పైన పెట్టండి. పాత ఇళ్ల మందపు గోడలకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై పనికొస్తుంది, దూరం పోతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడ దాటదు, అదే గదిలో వాడుకోవాలి. ఫైబర్ బాక్స్ మీద లాస్ అనే లైట్ ఎర్రగా వెలుగుతుంటే వైరు తెగిందో వంగిందో అర్థం. అప్పుడు ఎన్నిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా లాభం లేదు, ఆపరేటర్‌కు ఫోన్ చేయాల్సిందే.

జరగకూడనిది జరిగితే

స్క్రీన్ మీద పెద్దగా శబ్దం చేస్తూ, మీ కంప్యూటర్‌కు వైరస్ వచ్చింది, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి అని వస్తే అది మోసమే. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఎప్పుడూ ఫోన్ నంబర్ ఉండదు. పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకుని ఆపేయండి. కస్టమర్ కేర్ నంబర్‌ను గూగుల్‌లో వెతకవద్దు, బిల్లు మీదో కార్డు వెనకో ఉన్నదే చేయండి. ఎవరు ఎంత మర్యాదగా "చాచా, నేను చూసిపెడతా" అన్నా ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి స్క్రీన్ చూపించమంటే ఫోన్ పెట్టేయండి.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకుకు కూడా అప్పుడే చెప్పాలి. చాలామంది సిగ్గుతోనో, ఇంట్లో తిడతారనో రెండు రోజులు దాచేస్తారు. రిజర్వ్ బ్యాంక్ 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఆ రెండు రోజులకు విలువ ఉంది. తప్పు మీదీ కాదు, బ్యాంకుదీ కాదు, మూడోవాడు చేశాడనుకోండి, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల లోపు చెబితే మీ నష్టం సున్నా. ఓటీపీ మీరే చెప్పేసి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మీది, చెప్పిన తర్వాత కూడా పోతే అది బ్యాంకుది. అంటే తప్పు మనదైనా సరే, చెప్పిన నిమిషం నుంచి లెక్క మారుతుంది.

డబ్బు కాకుండా, మీ వైఫైని ఎవరో వాడుతున్నారని అనుమానం వచ్చినా వదిలేయకండి. రౌటర్ పేజీలో కనెక్ట్ అయిన డివైజ్‌ల జాబితా ఉంటుంది. ఇంట్లో ఉన్న ఫోన్లు, టీవీ, కెమెరా లెక్కపెట్టి చూడండి. తెలియనిది కనిపిస్తే ఆ పేజీని తేదీ, టైంతో సహా ఫోటో తీసుకుని, ఆ తర్వాతే పాస్‌వర్డ్‌లు రెండూ మార్చండి. ఆపరేటర్‌కు వాట్సాప్‌లోనైనా సరే రాతపూర్వకంగా చెప్పండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెడితే ఒక నంబర్ ఇస్తారు. ఆ నంబర్‌ను కనెక్షన్ తీసుకున్న కాగితాలతో కలిపి, ఎవరి పేరు మీద కనెక్షన్ ఉందో వాళ్ల ఆధార్ ఫైల్‌లోనే పెట్టి ఉంచండి.